రెండు చుక్కల నూనె, కాస్త ఓపిక

శ్రోతలందరికీ నమస్కారం.

ఆఫీసు వాళ్లతోనో, కాలేజీ మిత్రులతోనో హైదరాబాద్ శివార్లలోని రిసార్టులకు వెళ్లినవాళ్లకు పెయింట్‌బాల్ కొత్త కాదు. ముఖానికి మాస్కు, చేతిలో గన్. ట్రిగ్గర్ నొక్కితే రంగు నింపిన గోళీ దూసుకెళ్లి ఎదుటివాడి జాకెట్ మీద చిట్లుతుంది, వాడు ఔట్. ఈ గన్‌నే మార్కర్ అంటారు. మొదట్లో ఇది ఆటవస్తువు కాదు. అమెరికాలో అడవుల్లో నరకాల్సిన చెట్లకు, మందలో వేరు చేయాల్సిన పశువులకు దూరం నుంచే రంగు గుర్తు పెట్టే పనిముట్టు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ దగ్గర అడవిలో 12 మంది దానితో మొదటి ఆట ఆడారు. గెలిచిన రిచీ వైట్ ఒక్క గోళీ కూడా కాల్చలేదట. ఆట ముగిశాక మార్కర్ కడుక్కునే పని లేనిది బహుశా ఆయనకొక్కడికే.

మిగతా అందరికీ ఆ పని తప్పదు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. మార్కర్లలో రకాలు చాలా ఉన్నాయి. నేను టిప్‌మన్ 98 కస్టమ్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతాను. మొరటుగా ఉంటుంది, తొందరగా పాడవదు, నేర్చుకునేవాళ్లకు అనువైనది.

ముందు ఇది పనిచేసే తీరు కాస్త తెలియాలి. గన్ లోపల ముందుకూ వెనక్కీ జరిగే రెండు లోహపు దిమ్మెలుంటాయి, వీటినే బోల్ట్‌లు అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే వెనక బోల్ట్‌ను స్ప్రింగ్ ముందుకు తోస్తుంది. దానికి కడ్డీతో కలిపిన ముందు బోల్ట్ గోళీని బ్యారెల్‌లోకి, అంటే గన్ ముందు గొట్టంలోకి, నెడుతుంది. వెనక బోల్ట్ వెళ్లి వాల్వ్‌కు కొట్టుకుంటుంది, గన్‌కు తగిలించిన సిలిండర్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌ను వదులుతుంది. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం గోళీని తోస్తే, కొంత వెనక్కి తిరిగి బోల్ట్‌ను మళ్లీ మొదటి చోటికి తోసేస్తుంది. ఆ వెనక బోల్ట్ చుట్టూ ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. గన్ ప్రాణమంతా ఈ రింగులోనే ఉంది. అది ఎండిపోయినా, చిట్లినా గ్యాస్ పక్కనుంచి జారిపోతుంది, బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. అప్పుడు ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే టపటపమని వరసగా పేలుతుంది. సిలిండర్‌లో గ్యాస్ అయిపోవస్తున్నా ఇలాగే చేస్తుంది. కాబట్టి ముందు సిలిండర్ మార్చి చూడండి, ఆ తర్వాతే గన్ విప్పండి.

విప్పేముందు మాస్కు పెట్టుకోవాలి. ఇంట్లోనే కదా అని ఊరుకోకండి. బ్యారెల్ మూతికి గుడ్డ తొడుగు వేసి, పైనున్న గోళీల డబ్బా తీసేయాలి. తర్వాత సిలిండర్‌ను ముప్పావు చుట్టు విప్పాలి. అప్పటికి సిలిండర్ వాల్వ్ మూసుకుంటుంది, కానీ గన్ లోపల గ్యాస్ మిగిలే ఉంటుంది. గన్‌ను మనుషులు లేని వైపు పెట్టి, శబ్దం ఆగిపోయేదాకా ట్రిగ్గర్ నొక్కి, అప్పుడు సిలిండర్ పూర్తిగా తీయాలి. తీసేటప్పుడు మరొకటి కనిపెట్టుకుని ఉండాలి. సిలిండర్ తిరుగుతుంటే దాని మెడలోని ఇత్తడి వాల్వ్ కూడా దాంతోపాటే తిరగాలి. వాల్వ్ గన్‌లోనే ఉండిపోయి సిలిండర్ ఒక్కటే విడివడితే అది రాకెట్‌లా లేస్తుంది. అమెరికాలో ఇలా ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. వాల్వ్‌కూ సిలిండర్‌కూ కలిపి గోళ్ల రంగుతో అడ్డంగా ఒక గీత గీసి పెట్టుకుంటే, గీత రెండు ముక్కలైందా లేదా అన్నది చూడగానే తెలుస్తుంది. గీత తప్పితే చెయ్యి ఆపేసి, తెలిసినవాళ్లను పిలవాలి.

ఇక శుభ్రం చేయడం. గోళీ పైపొర జెలటిన్, లోపలిది నీటిలో కరిగే రంగు. అందుకే గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డ చాలు, సబ్బులూ థిన్నర్లూ అక్కర్లేదు. కాకపోతే అదే రోజు తుడవాలి. రాత్రంతా వదిలేస్తే రంగు జిగురులా పట్టేస్తుంది. అల్లెన్ కీతో (ఆరు పలకల కడ్డీ) బయటి స్క్రూలు విప్పి, గన్‌ను పక్కకు పడుకోబెట్టి పై సగాన్ని మెల్లగా ఎత్తండి. లోపలి భాగాలన్నీ వాటి వాటి చోట్ల కనిపిస్తాయి. ఏదీ కదపకముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు చేతిలో ఒక స్ప్రింగ్ మిగిలిపోతే ఆ ఫొటోనే దిక్కు. గోళీ బ్యారెల్‌లోకి జారిపోకుండా ఆపే చిన్న రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది, దాని చుట్టూ చేరిన రంగును చెవులు తుడుచుకునే దూది పుల్లతో తీయండి. తుడిచినవన్నీ పూర్తిగా ఆరాలి, తడి మిగిలితే స్ప్రింగ్ తుప్పు పడుతుంది.

నూనె దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. తలుపు బందులకు కొట్టే స్ప్రే, బండి ఇంజన్ ఆయిల్, కొబ్బరినూనె... ఇంట్లో ఏది ఉంటే అది వేసేస్తారు. పెట్రోలియం స్ప్రేలు కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి, మెత్తబరిచి పాడు చేస్తాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదిలిన ప్రతిసారీ గన్‌ను చల్లబరుస్తుంది. ఇక ఏమవుతుందో వేరే చెప్పాలా? పెయింట్‌బాల్ గన్‌ల కోసమే తయారైన నూనె కొనండి, చిన్న సీసా చాలాకాలం వస్తుంది. వెనక బోల్ట్ ఓ-రింగుకు ఒక చుక్క రాసి వేలితో చుట్టూ తిప్పండి. గన్ బిగించాక, సిలిండర్ పెట్టే రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేసి, గోళీలు లేకుండా కొన్నిసార్లు పేలిస్తే గ్యాసే దాన్ని లోపలంతా చేరుస్తుంది. బ్యారెల్‌లో మాత్రం చుక్క కూడా వేయకండి. బ్యారెల్ జిడ్డుగా ఉంటే గోళీ వంకర పోతుంది. గ్యాస్ బదులు అధిక పీడన గాలి సిలిండర్ వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: ఆ సిలిండర్ గాలి నింపే మూతికి నూనె తగలనివ్వొద్దు, నింపేటప్పుడు అది అంటుకునే ప్రమాదం ఉంది.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. 21 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో పీడనం సుమారు 850 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 850 పౌండ్లు. 31 డిగ్రీలకు అది వెయ్యి దాటుతుంది. మే నెలలో సిలిండర్‌ను కారులో వదిలి వెళ్లడం కంటే బుద్ధితక్కువ పని మరొకటి లేదు.

అదే కారణంగా, పొద్దున సరిచూసిన వేగం మధ్యాహ్నానికి పెరిగిపోతుంది. నూనె వేశాక కూడా మారుతుంది. గోళీ సెకనుకు 300 అడుగులు దాటకూడదన్నది ఆటలో పాత నియమం. చాలా మైదానాలు 280 దగ్గరే ఆపేస్తాయి. వేగం చూసే పరికరం, క్రోనోగ్రాఫ్, మైదానంలో ఉంటుంది. దాని మీదుగా నాలుగైదు గోళీలు కాల్చి అంకె చూడండి. ఎక్కువగా ఉంటే గన్ పక్కనున్న చిన్న స్క్రూను కుడివైపుకు కొద్దికొద్దిగా తిప్పుతూ మళ్లీ మళ్లీ చూడండి. అద్దెకు తీసుకున్న గన్ అయినా సరే, ఆట మొదలయ్యేముందు దాన్ని క్రోనోగ్రాఫ్ దగ్గర చూపించమని నిర్వాహకులను అడగండి.

సెలవు. నమస్కారం.