గ్లిసరిన్ ప్రిజంలతో ఇంట్లోనే అనమార్ఫిక్ లెన్సు: గాజు కోయించడం దగ్గర్నుంచి తెర మీద బొమ్మ దాకా

నమస్కారం అండి. బల్ల మీదున్న ఈ రెండు గాజు ప్రిజంలూ చూడండి. గోడలు మామూలు కిటికీ అద్దం, లోపల మందుల షాపులో దొరికే గ్లిసరిన్. వీటిని ప్రొజెక్టర్ ముందు సరైన కోణంలో నిలబెడితే బొమ్మ ఎత్తు అలాగే ఉండి వెడల్పు మాత్రం 1.33 రెట్లు అవుతుంది. 2 మీటర్ల బొమ్మ 2 మీటర్ల 66 సెంటీమీటర్లు అవుతుంది. ఇలా ఒక్క దిక్కులోనే సాగదీసేదాన్ని అనమార్ఫిక్ లెన్సు అంటారు.

ఇది ఎందుకంటే, మన ప్రొజెక్టర్ ప్యానెల్, అంటే లోపల బొమ్మని తయారుచేసే పలక, 16:9 (వెడల్పు 16, ఎత్తు 9). సినిమాలు ఎక్కువ శాతం స్కోప్, అంటే వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు. ప్యానెల్‌లోని 1080 పిక్సెల్ వరసల్లో స్కోప్ సినిమా వాడుకునేది దాదాపు 803. పైన 138, కింద 138 వరసలు నల్లగా ఊరికే పడి ఉంటాయి. ముందు ఆ 803 వరసల బొమ్మని ప్రొజెక్టర్‌లోనే నిలువుగా 1080కి సాగదీస్తాం. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. తర్వాత ఈ లెన్సు అడ్డంగా సాగదీసి వాళ్లని మామూలు మనుషుల్ని చేస్తుంది. ప్యానెల్ మొత్తం పనిలోకి వస్తుంది.

వెలుగు 33 శాతం పెరుగుతుందని చాలామంది చెబుతారు. ఇంట్లో చేసిన లెన్సుతో అంత రాదు. పూత లేని గాజు గాలిని తాకే ప్రతి ముఖం దగ్గరా 4 శాతం వెలుగు వెనక్కి పోతుంది. రెండు ప్రిజంలకి నాలుగు ముఖాలు, అంటే 15, 16 శాతం నష్టం. జూమ్ చేసి నల్లపట్టీలు తెర బయటికి తోసే పద్ధతితో పోలిస్తే మిగిలే లాభం 13 శాతం దగ్గర. దాంతోపాటు తెర చుట్టూ బూడిదరంగు పట్టీలు ఉండవు, సినిమాకీ మ్యాచ్‌కీ మధ్య జూమ్ తిప్పుకునే పని ఉండదు. ఈ లాభం చాలనుకుంటేనే మొదలుపెట్టండి.

విజయవాడ గాంధీనగర్ వైపు పాత థియేటర్ల నుంచి దిగిన రీలు ప్రొజెక్టర్ స్కోప్ లెన్సు దొరికితే సంబరపడిపోకండి. 35 ఎం.ఎం. స్కోప్ లెన్సు సాగదీసేది 2 రెట్లు. 16:9 బొమ్మకి పెడితే 3.56 అవుతుంది. మనకి పనికిరాదు.

గాజు కొనేముందు టేపు పట్టుకుని ఒక లెక్క చూసుకోండి. ప్రొజెక్టర్ నుంచి తెర దాకా దూరాన్ని, లెన్సు లేనప్పటి బొమ్మ వెడల్పుతో భాగించండి. 2 వస్తే హాయి. 1.8 దాకా పర్వాలేదు. 1.5 కంటే తక్కువైతే ఈ పని పెట్టుకోవద్దు. కిరణాలు మరీ విచ్చుకుని వెళ్తాయి కాబట్టి బొమ్మ పై అంచూ కింది అంచూ మధ్యలోకి వంగిపోతాయి, ఎడమ వైపు సాగినట్టు కుడి వైపు సాగదు. జూమ్ ఉన్న ప్రొజెక్టర్ అయితే వెనక్కి జరిపి, బొమ్మ అతి చిన్నగా వచ్చేలా జూమ్ పెట్టండి. ఆ పాటి దూరం దొరకని గదిలో మంచి తెర కొనుక్కోవడమే మేలు.

ఇప్పుడు కోణం. ఒక్కో ప్రిజం 1.155 రెట్లు సాగదీయాలి, రెండూ గుణిస్తే 1.33. గ్లిసరిన్ వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.473. వెలుగు మొదటి ముఖంలోకి తిన్నగా దిగి రెండో ముఖం నుంచి ఏటవాలుగా బయటపడే అమరికలో దీనికి కావలసిన కోణం 25 డిగ్రీలు. నీళ్లతో చేస్తే గుణకం 1.333 కాబట్టి దాదాపు 30 డిగ్రీలు కావాలి, కొన్నాళ్లకి నాచు కూడా పడుతుంది. లిక్విడ్ పారాఫిన్ గుణకం బాగానే ఉంటుంది కానీ ఆ నూనె సిలికాన్‌ని ఉబ్బిస్తుంది, అతుకులు వదులవుతాయి. గ్లిసరిన్‌కే మా ఓటు.

(స్క్రీన్ మీద కొలతలు)

అంతా 4 మి.మీ. క్లియర్ ఫ్లోట్ గాజు. చిన్న ప్రిజంకి 130 × 130 మి.మీ. ముఖాలు రెండు, వెనక పలక (మొనకి ఎదురుగా ఉండే మూడో గోడ) 56 × 130. పెద్ద ప్రిజంకి 180 × 130 ముఖాలు రెండు, వెనక పలక 78 × 130. పైకీ కిందకీ త్రికోణాలు కోయించక్కర్లేదు, 25 డిగ్రీల మొన కోస్తుంటే గాజు విరిగిపోతుంది. దీర్ఘచతురస్రాలే చాలు: చిన్నదానికి 145 × 75 రెండు, పెద్దదానికి 195 × 95 రెండు. గోడలు వాటి మీద నిలబడతాయి, మిగిలిన అంచులు వెలుగు దారికి అడ్డం రావు. పై పలకలకి మాత్రం ఒక్కోదానికి 10 మి.మీ. రంధ్రం వేయించండి. అంచులన్నీ రుద్దించండి, లేకపోతే వేళ్లు తెగుతాయి.

వన్ టౌన్‌లో గానీ గుంటూరులో గానీ అద్దాల షాపుకి వెళ్లినప్పుడు కోయించేముందే గాజుని పరీక్షించండి. పలకని ఏటవాలుగా పట్టుకుని దానిలోంచి ట్యూబులైటు చూస్తూ మెల్లిగా తిప్పండి. ట్యూబు అంచు అలలు అలలుగా కదిలితే ఆ షీటు వద్దు. వెలుగు మన గాజులోంచి దాదాపు 38 డిగ్రీల ఏటవాలుగా బయటికి వస్తుంది, ఆ అలలు తెర మీద మసకగా తేలతాయి. యాక్రిలిక్ అయితే తేలిక కదా అని అడుగుతుంటారు. యాక్రిలిక్‌ని సిలికాన్ గట్టిగా పట్టదు, అతుకు ఊడుతుంది.

గ్లిసరిన్ ఒకటిన్నర లీటరు, తూకంలో 1.9 కిలోల దాకా తూగుతుంది. సీసా మీద ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, మందుల ప్రమాణం) అని ఉండాలి. ముఖానికి రాసుకునే రోజ్‌వాటర్ కలిపిన రకం వద్దు. అదే షాపులో ఒక సెలైన్ సెట్టు కూడా తీసుకోండి, దాని ట్యూబుతో పని ఉంది. గాజుకి వాడే, వెనిగర్ వాసన వచ్చే అసిటాక్సీ సిలికాన్ ఒక ట్యూబు, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇక చాలు.

అతికించడం. కాగితం మీద 130, 130, 56 భుజాల త్రికోణం గీసి, కింది పలక అడుగున పెట్టండి. కోణమానిని అక్కర్లేదు, కొలతలు సరిగ్గా ఉంటే 25 డిగ్రీలు దానంతట అదే వస్తుంది. 56లో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే కోణం అర డిగ్రీ లోపే మారుతుంది. రెండు ప్రిజంలలోనూ అదే తేడా వచ్చినా 1.34కి బదులు 1.32 వస్తుంది, అంతే. అసలు జాగ్రత్త గోడలు నిట్టనిలువుగా నిలబడటంలో పడాలి. ఒక ముఖం ముందుకో వెనక్కో వాలితే బొమ్మ పక్కకి ఒరుగుతుంది, పై అంచున రంగులు విడిపోతాయి. తర్వాత ఏ స్క్రూ తిప్పినా ఆ దోషం పోదు. అందుకే వడ్రంగి మూలమట్టం ఆనించి రెండు ముఖాలూ సరిచూసి, మాస్కింగ్ టేపుతో బిగించి, అప్పుడు సిలికాన్ వేయండి. లోపలి మూలల్లో 6 మి.మీ. వెడల్పున ఎక్కడా తెగకుండా వేసి, తడి వేలితో ఒక్కసారి నునుపు చేయండి. రెండోసారి వేలు పెట్టకండి. పై పలక మర్నాడు అతికించండి. ఆ తర్వాత మూడు రోజులు ముట్టుకోవద్దు.

మూడు రోజులయ్యాక మంచినీళ్లు పోసి రాత్రంతా కాగితం మీద ఉంచండి. తడి మచ్చ కనిపిస్తే ఆరబెట్టి మళ్లీ సిలికాన్ వేయండి. నీళ్లతో ఉండగానే ప్రొజెక్టర్ ముందు పెట్టి చూడొచ్చు, కానీ బొమ్మ 1.2 రెట్లే సాగుతుంది. లెక్క తప్పిందని కంగారుపడకండి, అది నీటి గుణకం. తర్వాత ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. లోపల నీటి చుక్కలు మిగిలితే గ్లిసరిన్‌లో చారలు చారలుగా తేలతాయి, నెమ్మదిగా గానీ కలవవు.

గ్లిసరిన్ సీసాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే పల్చబడుతుంది. గరాటుతో గోడ వెంబడి సన్నటి ధారగా పోయండి. దబదబా పోస్తే బుడగలు చిక్కుకుంటాయి, అవి పైకి రావడానికి ఒక రోజు పడుతుంది. పైన 10 మి.మీ. ఖాళీ వదలండి.

ఈ ఖాళీ గురించి గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలో రోహిణి కార్తె ఎండలకి గది వేడి ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. గ్లిసరిన్ ఒక్కో డిగ్రీకి పదివేల వంతుల్లో 5 వంతులు ఉబ్బుతుంది. ఏసీ వేసిన గదికీ, మధ్యాహ్నం మూసి ఉంచిన గదికీ 20 డిగ్రీల తేడా వస్తే పెద్ద ప్రిజంలోని ముప్పావు లీటరుకి 7, 8 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది. రంధ్రం మూసేసి ఉంటే ఆ ఒత్తిడి అంతా అతుకుల మీదే. అందుకే రంధ్రంలో సెలైన్ ట్యూబు ఒక అడుగు ముక్క దూర్చి చుట్టూ సిలికాన్ వేయండి. ట్యూబు చివర కొంచెం దూది పెట్టండి. గాలి పోతూ వస్తూ ఉంటుంది, సన్నటి పొడుగు దారి కాబట్టి తేమ మాత్రం త్వరగా లోపలికి చేరదు. గ్లిసరిన్ గాలిలోని తేమని పీల్చుకునే రకం. రంధ్రం తెరిచి వదిలేస్తే వానాకాలంలో గుణకం పడిపోతుంది, బొమ్మ సాగడం తగ్గుతుంది.

ఇప్పుడు అమరిక. రెండూ కలిపి మూడు కిలోల పైనే, సీలింగుకి వేలాడదీయకండి. ప్రొజెక్టర్ పక్కనే గట్టి ప్లైవుడ్ బల్ల పెట్టండి. చిన్న ప్రిజం ముందు, ప్రొజెక్టర్ లెన్సుకి వీలైనంత దగ్గరగా. దాని వెనక పలక ఎడమకి ఉంటే పెద్ద ప్రిజం వెనక పలక కుడికి ఉండాలి. మొదటిది వెలుగుని 13 డిగ్రీలు పక్కకి తిప్పుతుంది, రెండోది అంతే వెనక్కి తిప్పుతుంది. అందుకని రెండోదాన్ని ఆ 13 డిగ్రీలూ తిప్పి, వచ్చే వెలుగుకి ఎదురుగా నిలబెట్టాలి. బొమ్మ వెడల్పు పెరగకుండా తగ్గిందంటే ప్రిజంలని ముందు వెనకలు మార్చి పెట్టారని అర్థం.

వృత్తం ఉన్న టెస్ట్ ప్యాటర్న్‌ని నిలువుగా సాగదీసి వేసి, వృత్తం గుండ్రంగా వచ్చేదాకా రెండు ప్రిజంలనీ కొద్ది కొద్దిగా తిప్పండి. టేపుతో కూడా కొలవండి. వెలుగు తక్కువ మోడ్‌లో పెట్టుకోండి, లెన్సు ఎదురుగా ముఖం పెట్టి మాత్రం చూడకండి. మొదటి ముఖం వెలుగుకి సరిగ్గా ఎదురుగా ఉంటే 4 శాతం వెలుగు తిరిగి ప్రొజెక్టర్ లెన్సులోకే పోయి, చీకటి సీన్లలో పలచటి నీడ బొమ్మ కనిపిస్తుంది. రెండు మూడు డిగ్రీలు పక్కకి తిప్పితే ఆ నీడ తెర మీదికి రాదు. లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టర్ కదపకుండా బొమ్మని పైకీ కిందకీ జరిపే సదుపాయం) ఉంటే సున్నాలో పెట్టండి. షిఫ్ట్ లేకుండా వెలుగు పైకి కొట్టే ప్రొజెక్టర్ అయితే, ప్రిజంల బల్లనే వెలుగు వెళ్లే వాలుకి సరిపడా ఎత్తండి. ఫ్యాన్ వేడిగాలి గాజుకి తగలకూడదు, లోపలి ద్రవం సమంగా వేడెక్కక బొమ్మ మసకబారుతుంది.

రెండు లోపాలు మాత్రం ముందే తెలుసుకోండి. ఒకటి రంగు. నీలం ఎరుపు కంటే ఎక్కువ వంగుతుంది కాబట్టి ఎక్కువ సాగుతుంది. తెర మధ్యలో ఏమీ ఉండదు, అంచుల్లో 1080 బొమ్మకి నీలానికీ ఎరుపుకీ మధ్య ఐదారు పిక్సెళ్ల దూరం వస్తుంది. కదిలే బొమ్మలో అంతగా పట్టదు, అంచున తెల్ల అక్షరాలు వస్తే కనిపిస్తుంది. ఒక్కో రంగుకి ఒక్కో ప్యానెల్ ఉండే మూడు ప్యానెళ్ల ప్రొజెక్టర్లలో కొన్నిటికి ప్యానెల్ అలైన్‌మెంట్ (ఒక్కో రంగుని విడిగా జరిపే సెట్టింగు) ఉంటుంది, దాంతో కొంత దిద్దుకోవచ్చు. అన్ని రంగులకీ ఒకే చిప్పు వాడే డీఎల్‌పీ రకం ప్రొజెక్టర్లలో కుదరదు.

రెండోది ఫోకస్. ప్రిజంలు అడ్డంగానే పనిచేస్తాయి కనుక నిలువు గీతలు పదునుగా ఉన్నప్పుడు అడ్డగీతలు కాస్త మసకబారతాయి. మధ్యస్థంగా పెట్టుకోవాలి. దీనికి కళ్లద్దాల షాపులో దొరికే సిలిండర్ లెన్సు (ఒక్క దిక్కులోనే పవరు ఉండేది) వాడొచ్చు. ఎంత పవరు కావాలంటే, 0.435ని మీటర్లలో తెర దూరంతో భాగించండి. 4 మీటర్లకి 0.11 వస్తుంది. కళ్లద్దాల పవరు 0.25 చొప్పున పెరుగుతుంది. 4 మీటర్లకి 0.25 పెడితే అవతలి వైపు తప్పు ఇంకా పెద్దదవుతుంది. మూడున్నర మీటర్ల లోపు దూరం ఉన్నవాళ్లకే అది మేలు చేస్తుంది. మైనస్ 0.25 సిలిండర్, పవరు అడ్డంగా ఉండేలా, ప్రొజెక్టర్‌కీ చిన్న ప్రిజంకీ మధ్యలో.

ఇక నిలువుగా సాగదీయడం. ప్రొజెక్టర్ మెనూలో ఆస్పెక్ట్ దగ్గర అనమార్ఫిక్ అని ఉంటే అదే. లేకపోతే కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ యాప్‌లో జూమ్, పిక్సెల్ రేషియో రెండూ మార్చి తెచ్చుకోవచ్చు. క్రికెట్ 16:9లో వస్తుంది కాబట్టి లెన్సు పక్కకి తప్పుకోవాలి. బల్ల కింద సొరుగులకి వేసే టెలిస్కోపిక్ ఛానెల్ ఒక జత వేసి, తిరిగి అదే చోటికి వచ్చేలా చివర ఒక స్టాపర్ బిగించండి. సబ్‌టైటిళ్లు కింది నల్లపట్టీలో వచ్చే సినిమాల్లో, సాగదీశాక ఆ అక్షరాలు తెర బయటికి పోతాయి. ప్లేయర్‌లో సబ్‌టైటిల్ స్థానాన్ని బొమ్మ లోపలికి, కింది అంచు కంటే కాస్త పైకి జరిపి పెట్టుకోండి.