జాబితాలో ముందు వెతికిన పేరు

శ్రోతలకు నమస్కారం.

పరీక్ష ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించారు. అప్పటిదాకా మెట్ల మీద కూర్చున్నవాళ్లంతా ఒక్క ఉదుటున లేచారు. గుంపులో దారి చేసుకుంటూ ఓ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చింది. పదహారేళ్లుంటాయి. ఆమె చూపుడువేలు కాగితం మీద పైనుంచి కిందికి జారుతూ ఒక పేరు దగ్గర ఆగింది. అది మూడేళ్లుగా ప్రతి పరీక్షలోనూ తనతో పోటీ పడుతున్న అబ్బాయి పేరు. అతనెన్నో స్థానంలో ఉన్నాడో చూశాకే తన పేరు కోసం వెతుక్కుంది.

ఇది నేను ఊహించుకున్న సన్నివేశం. బోర్డింగ్ స్కూల్లో, పోటీ మధ్య పుట్టే ప్రేమ నవల ఏది చదివినా నా కళ్ల ముందు కదిలేది ఇదే. ఆ అమ్మాయిని ఆపి 'అతనంటే నీకిష్టమా' అని అడగండి. 'వాడు నా కంటబడకుండా ఉంటే అదే పదివేలు' అంటుంది. అబద్ధం ఆడడం లేదు, తనకే ఇంకా తెలియదు. ఆ వేలికి తెలిసిపోయిన సంగతి ఆమె మనసుకు తెలియడానికి పట్టే కాలమే నవల.

పిల్లల చేతిలో ఇలాంటి పుస్తకం కనబడితే చాలామంది పెద్దలు మొహం చిట్లిస్తారు. చదువుకునే వయసులో ఈ ప్రేమలేమిటని వాళ్ల కంగారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ పుస్తకాన్ని పక్కన పెట్టించే ముందు ఒక్కసారి తెరిచి చూడమంటాను. మంచి రచయిత చేతిలో పడితే, ఓడిపోయిన రోజున మనిషి ఎలా ఉంటాడో, గెలిచినవాడి కళ్లలోకి ఎలా చూడాలో పదిహేనేళ్ల పిల్లలకు అర్థమయ్యేలా చెప్పే కథలివి.

ఈ కథలకు బోర్డింగ్ స్కూలే ఎందుకు కావాలి? మామూలు బడిలో గొడవపడితే సాయంత్రం గంట కొట్టగానే ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. అమ్మ దగ్గర కూర్చుని నాలుగు మాటలు తిట్టుకుంటే సగం కోపం అక్కడే దిగిపోతుంది. హాస్టల్లో ఆ వీల్లేదు. పొద్దున లైబ్రరీలో మాటామాటా అనుకున్న మనిషే మధ్యాహ్నం మెస్‌లో ఎదుటి బల్ల దగ్గర ఉంటాడు. రాత్రి స్టడీ అవర్‌లో తలెత్తితే రెండు వరసల అవతల అదే వీపు. ఇంటి నుంచి ఫోన్ వచ్చి, మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వస్తే అక్కడా అతనే. ఒకరి నుంచి ఒకరు దాచుకోవడానికి చోటే ఉండదు.

అందుకే అక్కడ ప్రత్యర్థికి తెలిసినన్ని సంగతులు ఒక్కోసారి ప్రాణస్నేహితులకు కూడా తెలియవు. లెక్క తెగనప్పుడు ఆమె పెన్ను మూత కొరుకుతుందని అతనికి తెలుసు. పరీక్ష హాల్లో అదనపు కాగితం ఎన్నోసారి అడిగిందో తెలుసు. డిబేట్‌లో గొంతు వణికేముందు ఆమె ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంటుందనీ తెలుసు. ఓడించడానికి గమనించడం మొదలుపెట్టాడు. ఓ రోజు ఆ చెయ్యి బల్ల అంచు మీదికి వెళ్లడం చూసి, వెయ్యాల్సిన ప్రశ్న వెయ్యకుండా ఊరుకుంటాడు. ఎందుకు ఊరుకున్నాడో అతనికే తెలియదు. ఇలాంటి చోట రచయిత కాస్త నిలబడాలి. ఒక పేజీ ఎక్కువైనా ఫర్వాలేదు. తొందరపడి మరుసటి అధ్యాయంలోనే ముద్దు సీను పెట్టేస్తే అప్పటిదాకా పడ్డ కష్టమంతా నీళ్లపాలు.

బడి కథల చరిత్రలోకి ప్రేమ ఆలస్యంగానే వచ్చింది. 1857లో థామస్ హ్యూస్ రాసిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' ఇంగ్లండులోని రగ్బీ స్కూల్లో జరుగుతుంది. హ్యూస్ అక్కడ చదువుకున్నవాడే. అందులో హాస్టల్ జీవితముంది, ఫుట్‌బాల్ పోటీ ఉంది, చిన్నవాళ్లను హింసించే పెద్ద కుర్రాళ్లున్నారు. ఆడపిల్లల ఊసు లేదు, అది మగపిల్లల బడి. 1946 నుంచి 1951 వరకు ఎనిడ్ బ్లైటన్ రాసిన 'మాలరీ టవర్స్' ఆరు పుస్తకాల్లో అంతా ఆడపిల్లలే. స్నేహాలు, అలకలు, ఆటలపోటీలతో కథ నిండిపోతుంది. ప్రేమ జోలికి ఆమె పోలేదు. కానీ ఈనాటి ప్రేమ నవలకు కావలసిన సరంజామా అంతా, అంటే గంటలు, డార్మిటరీలు, కెప్టెన్ పదవి కోసం తగాదాలు, ఆ పాత పుస్తకాలే సిద్ధం చేసి పెట్టాయి.

పోటీలోంచి ప్రేమ ఎలా మొలుస్తుందో నాకు నేర్పింది మాత్రం బోర్డింగ్ స్కూలు నవల కాదు. 1908లో వచ్చిన 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్'. కెనడా రచయిత్రి ఎల్.ఎం. మాంట్‌గొమరీ రాశారు. పల్లెటూరి బడి. గిల్బర్ట్ అనే కుర్రాడు కథానాయిక ఆన్ ఎర్రజడ చివర పట్టుకుని 'క్యారెట్లు' అని వెక్కిరిస్తాడు. తన జుట్టు రంగంటే ఆమెకు పుట్టెడు బాధ. చేతిలో ఉన్న పలకతో అతని నెత్తిమీద కొడుతుంది, పలక పగిలిపోతుంది. మాస్టారు శిక్షించబోతే గిల్బర్ట్ లేచి తప్పు తనదేనంటాడు. ఆయన వినడు, ఆమెను బోర్డు ముందు నిలబెడతాడు. ఆ తరువాత గిల్బర్ట్ క్షమాపణ అడుగుతాడు. ఆమె మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది.

ఇక అక్కణ్ణుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు దాదాపు లేవు, మార్కులే ఉన్నాయి. కాలేజీ ప్రవేశపరీక్ష రాస్తారు. స్నేహితురాలు డయానా పేపరు పట్టుకుని పరుగెత్తుకుంటూ వస్తుంది. రెండు వందల మంది జాబితాలో ఆన్, గిల్బర్ట్ ఇద్దరికీ సమానంగా మొదటి స్థానం. ఎప్పుడు చదివినా ఈ చోట నా చూపు ఆగిపోతుంది. మాట్లాడుకోని ఇద్దరు మనుషుల పేర్లు ఒకదాని కింద ఒకటి, అందరూ చూసేలా అచ్చయ్యాయి. తరువాత కాలేజీలో బంగారు పతకం అతనికి, స్కాలర్‌షిప్ ఆమెకు దక్కుతాయి. ఎవరూ ఎవరి కోసమూ తగ్గలేదు.

ఆ మాట గట్టిగా చెప్పాలని ఉంది. ఈ మధ్య చదివిన కొన్ని నవలల్లో ఒకరు ప్రేమ కోసం కావాలనే ఓడిపోతారు. తెలిసిన జవాబు రాయకుండా కాగితం ఇచ్చేస్తారు. చదివేవాళ్లు కరిగిపోవాలని రచయిత ఉద్దేశం. నాకు మాత్రం గుండె కలుక్కుమంటుంది. మూడేళ్లు రాత్రిళ్లు మేలుకుని చదివిన అమ్మాయికి గెలుపును దానంగా ఇస్తే ఆమె చదువుకు విలువేముంది? ఆ సంగతి బయటపడిన రోజున ఆమె అతని మీద అరిచి గొడవ చేస్తే అది నిజమైన నవల. కళ్లనీళ్లతో కౌగిలించుకుంటే అక్కడితో నేను పుస్తకం మూసేస్తాను.

అంతకన్నా నన్ను కష్టపెట్టేది ఇంకొకటుంది. డబ్బున్న ఇంటి కుర్రాడు, పక్కన నలుగురు వంతపాడేవాళ్లు. స్కాలర్‌షిప్ మీద వచ్చిన అమ్మాయి పుస్తకాలు దాచేస్తాడు, ఆమె ఉత్తరాలు అందరి ముందూ చదువుతాడు. నూట యాభై పేజీల తరువాత, తన బాల్యంలో ఏదో బాధ ఉందని చెప్పి ప్రేమిస్తున్నానంటాడు. పోటీకీ వేధింపుకీ చాలా తేడా ఉంది. పోటీలో ఇద్దరికీ గెలిచే వీలుంటుంది. వేధింపులో ఒకరే దెబ్బలు తింటారు. హాస్టల్లో అలాంటి రాత్రులు గడిపిన పిల్లలు ఈ పుస్తకాలు చదువుతారు. తమను ఏడిపించినవాడు లోలోపల ప్రేమిస్తున్నాడేమోనని వాళ్లకు అనిపించేలా రాయకూడదు. గిల్బర్ట్‌ను చూడండి. వెక్కిరించింది ఒక్కసారి. ఆ నిమిషంలోనే తప్పు ఒప్పుకున్నాడు. తరువాత మరోసారి స్నేహం అడిగినప్పుడూ ఆమె కాదన్నాక, ఆ కాదన్న మాటను గౌరవించాడు.

రూమ్‌మేట్ల గురించి కూడా ఓ మాట. ఈ నవలల్లో నాకు ఎక్కువ నచ్చే పాత్ర చాలాసార్లు కథానాయిక రూమ్‌మేటే. లైట్లు ఆర్పేశాక చీకట్లో పక్క మంచం మీంచి, 'ఇవాళ వాడి పేరు ఎన్నిసార్లు ఎత్తావో తెలుసా' అంటుంది. మంచి రచయితలు ఆ ఒక్క మాటతోనే కథను మలుపు తిప్పేస్తారు.

బోర్డింగ్ స్కూలు కథకు గడువు ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆఖరి టర్ము, ఆఖరి పరీక్ష, ట్రంకుపెట్టె సర్దుకోవడం. ఆ తరువాత గంటలుండవు, జాబితాలుండవు, రోజూ ఎదురుపడే అవసరమూ ఉండదు. పోటీ లేకపోయినా వాళ్ల మధ్య మాట్లాడుకోవడానికి ఏమైనా మిగిలిందా అన్నది అప్పుడు తేలుతుంది.

మాంట్‌గొమరీ ఆ నవలను అక్కడికే తెచ్చి ఆపారు. ఆన్‌ను పెంచిన మాథ్యూ చనిపోతాడు. అతనితో కలిసి ఆన్‌ను పెంచిన చెల్లెలు మరిల్లాకు చూపు మందగిస్తుంది. ఆమెను ఒంటరిగా వదల్లేక ఆన్ స్కాలర్‌షిప్ వదులుకుంటుంది. సొంత ఊరి బడిలో టీచర్ ఉద్యోగం అప్పటికే గిల్బర్ట్‌కు ఖాయమైంది. సంగతి తెలిసి అతను దాన్ని ఆమెకు వదిలేసి వేరే ఊరి బడికి వెళ్లడానికి ఒప్పుకుంటాడు. పరీక్షలో వదిలిపెట్టని మనిషి, పోటీ అంతా ముగిశాక, ఆమెకు నిజంగా అవసరమైన రోజున వదిలిపెట్టాడు. దారిలో ఎదురుపడితే ఆన్ తనే ముందుగా చెయ్యి చాపుతుంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ ఇంటిదాకా నడుస్తారు.

లోపలికి వచ్చాక మరిల్లా అంటుంది, గేటు దగ్గర అరగంట నిలబడి మాట్లాడేంత స్నేహం మీ ఇద్దరికీ ఉందనుకోలేదే అని. నిజంగా అరగంటైందా, కొద్ది నిమిషాలే అనిపించిందే అంటుంది ఆన్. ఐదేళ్లుగా మాట్లాడుకోని మాటలన్నీ మిగిలిపోయాయి మరి, అంటుంది.

నమస్కారం.