విడిపోయాక వినబడిన ఆల్బమ్

శ్రోతలకు నమస్కారం.

1969 మార్చిలో 'టైమ్ ఆఫ్ ది సీజన్' అనే పాట అమెరికా రేడియోల్లో మారుమోగింది. అక్కడి పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మూడో స్థానం దాకా ఎక్కింది. పాడినది ఇంగ్లండుకు చెందిన జాంబీస్ అనే రాక్ బృందం. కచేరీలు పెట్టిద్దామని నిర్వాహకులు వాళ్ల కోసం ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, అసలు ఆ బృందమే లేదు. 1967 డిసెంబరులోనే అది విడిపోయింది. ఆ పాటకు గొంతునిచ్చిన కోలిన్ బ్లన్‌స్టన్ ఆ తర్వాత లండన్‌లో ఒక బీమా కార్యాలయంలో ఉద్యోగానికి చేరారు.

ఆ పాట ఉన్న ఆల్బమ్ పేరు 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్'. ఇప్పుడు దాన్ని గొప్ప రాక్ ఆల్బమ్‌ల వరసలో పెడుతున్నారు. దాని గురించి రాసేవాళ్లు తరచుగా ఒక మాట అంటారు: అది తన కాలానికి అర్థం కాలేదు అని. నేను ఈ మాటతో ఏకీభవించను. 1968లో శ్రోతలు దాన్ని విని పక్కన పెట్టలేదు. వాళ్లకు వినే అవకాశమే రాలేదు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

జాంబీస్ కుర్రాళ్లది లండన్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ ఊరు. 1964లో 'షీ ఈజ్ నాట్ దేర్' పాట అమెరికాలో రెండో స్థానానికి చేరడంతో బడి చదువు ముగుస్తూనే ప్రపంచానికి తెలిశారు. మరుసటి ఏడాది ఇంకో పాట గెలిచింది. తర్వాత అన్నీ వరసగా పోయాయి. తమ పాటలు రికార్డుగా మారేటప్పటికి పదును పోతోందని కీబోర్డు వాయించే రాడ్ ఆర్జెంట్‌కూ, బాస్ గిటార్ వాయించే క్రిస్ వైట్‌కూ అసంతృప్తి ఉండేది. ఎలాగూ విడిపోయేలా ఉన్నాం, ఒక్కసారైనా మనం అనుకున్నట్టు మనమే రికార్డు చేసుకుందాం అని నిర్ణయించుకున్నారు. సీబీఎస్ సంస్థ వెయ్యి పౌండ్లు ఇచ్చింది. ఆ కాలానికి కూడా అది ఒక ఆల్బమ్‌కు చాలీచాలని సొమ్మే.

1967 జూన్‌లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో పని మొదలైంది. కొద్ది నెలల ముందు బీటిల్స్ అక్కడే తమ ప్రసిద్ధ ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్' ముగించి వెళ్లారు. బీటిల్స్‌లోని జాన్ లెనన్ వాడిన మెల్లోట్రాన్ అనే వాద్యం అక్కడే ఉండిపోయింది. ఈ వాద్యం గురించి కొంచెం చెప్పాలి. చూడటానికి పెద్ద పియానో పెట్టెలా ఉంటుంది. ఒక్కో మీట కింద ఒక టేపు ముక్క. దాని మీద వయొలిన్ల స్వరమో, వేణువు స్వరమో ముందే రికార్డు చేసి ఉంటుంది. మీట నొక్కితే టేపు కదిలి ఆ స్వరం పలుకుతుంది. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది, స్వరం ఆగిపోతుంది. నిజమైన వయొలిన్ బృందాన్ని పిలిపించే స్తోమత లేదు కాబట్టి ఆర్జెంట్ దీని ముందు కూర్చున్నారు. ఆ టేపుల్లోని చిన్న వణుకు, కొద్దిపాటి మసక ఈ ఆల్బమ్‌కు ఒక రంగునిచ్చాయి. డబ్బుండి అసలు వయొలిన్లే వచ్చి ఉంటే ఆ రంగు వచ్చేది కాదని నా నమ్మకం.

స్టూడియో సమయానికి డబ్బు కట్టాలి కనుక పాటలను ముందే బాగా సాధన చేసుకుని వచ్చేవారు. టేపు మీద నాలుగే ట్రాకులు, అంటే విడివిడిగా శబ్దం నింపుకునే వరసలు. ఏ వాద్యం ఉండాలి, ఏది అక్కర్లేదు అన్నది ముందే తేల్చుకోవాలి. 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' పాటకు మొదట చెలో వాద్యం కూడా చేర్చి చూశారు. తర్వాత తీసేశారు. ఆల్బమ్‌లో ఆ పాటకు ఉన్నవి పియానో, గొంతులు మాత్రమే. ఒంటరిగా ముసలిదైపోయిన స్త్రీ గురించిన ఆ పాటకు అంతకన్నా ఏం కావాలి?

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం 'బుచర్స్ టేల్'. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకంలో ఇరుక్కున్న ఒక సైనికుడి గోడు ఇది. సొంత ఊళ్లో అతను కసాయి. మాంసం కొట్టిన ఆ చేతులే ఇక్కడ వణుకు ఆగడం లేదని చెప్పుకుంటాడు. పేరులో 1914 అని ఉన్నా, పాటలో వినిపించే గామ్‌కూర్, థీప్వాల్, మామెట్జ్ వుడ్ 1916 నాటి సోమ్ యుద్ధ స్థలాలు. దీన్ని రాసిన క్రిస్ వైటే పాడారు. ఆయన బ్లన్‌స్టన్‌లాగా గాయకుడు కారు. ఆ సన్నని, నిలకడ లేని గొంతే ఆ సైనికుడికి సరిపోయింది. వెనక వినిపించేది కాళ్లతో తొక్కి గాలి నింపే పాత ఆర్గన్. మన పద్యనాటకాల్లోని కాలి హార్మోనియానికి అది దగ్గరి బంధువే.

ఇక 'టైమ్ ఆఫ్ ది సీజన్' రికార్డు చేసేటప్పుడు బ్లన్‌స్టన్ అలసిపోయి ఉన్నారు. కొత్తగా రాసిన బాణీ ఇంకా నోటికి పట్టలేదు. ఆర్జెంట్ మళ్లీ మళ్లీ దిద్దుతుంటే విసిగిపోయి, అంత బాగా తెలిస్తే నువ్వే వచ్చి పాడుకో అన్నారట. ప్రేమ ఋతువు గురించిన పాట అలా గొడవ మధ్య పూర్తయింది.

రికార్డింగు అయ్యాక సీబీఎస్ వాళ్లు స్టీరియో మిక్స్, అంటే రెండు స్పీకర్లకు శబ్దాన్ని విడదీసి కూర్చిన రూపం కూడా కావాలన్నారు. ఇచ్చిన సొమ్ము అప్పటికే అయిపోయింది. ఆర్జెంట్, వైట్ తమ పాటల రాయల్టీ నుంచి 200 పౌండ్లు తీసి ఆ పని చేయించారు. విడిపోతున్న బృందపు ఆల్బమ్ కోసం సొంత డబ్బు పెట్టడం చూస్తే, వాళ్లకు దాని మీద ఎంత ప్రేమ ఉందో తెలుస్తుంది.

అయితే అసలు కష్టం కూడా అక్కడే ఉంది. పాటలు రాసిన ఆ ఇద్దరికీ రాయల్టీ వచ్చేది. బ్లన్‌స్టన్‌కు, గిటారిస్టు పాల్ అట్కిన్సన్‌కు, డ్రమ్మర్ హ్యూ గ్రండీకి కచేరీలే బతుకుతెరువు. కచేరీలు ఇల్లు గడవడానికి చాలడం లేదు. ఆల్బమ్ నుంచి ముందుగా విడుదలైన రెండు సింగిళ్లూ, అంటే ఒక్కో పాటను విడిగా అమ్మే చిన్న రికార్డులూ, అమ్ముడుపోలేదు. కొత్తగా పెళ్లయిన అట్కిన్సన్ ఇక ఉద్యోగం చూసుకోవాలన్నారు. పోట్లాట లేకుండానే బృందం ముగిసింది.

1968 ఏప్రిల్‌లో ఆల్బమ్ బ్రిటన్‌లో విడుదలైంది. ఊరూరా తిరిగి ఆ పాటలు వాయించడానికి బృందం లేదు. లేని బృందానికి ప్రచారం చేసే కంపెనీ ఉండదు. అమ్మకాల పట్టికలో దానికి చోటు దక్కలేదు. ఆ రోజుల్లో కొత్త ఆల్బమ్ జనానికి చేరే దారులు కచేరీ, ప్రచారం, రేడియో. మూడూ మూసుకుపోయిన చోట శ్రోత తిరస్కరించాడని ఎలా అంటాం?

అమెరికాలోనైతే అది అసలు విడుదలే కాకపోయేది. లండన్ వచ్చిన సంగీతకారుడు, నిర్మాత ఆల్ కూపర్ కొనుక్కెళ్లిన రికార్డుల్లో ఇది ఉంది. విన్నాక, సీబీఎస్‌కు అమెరికాలో సోదర సంస్థ అయిన కొలంబియా పెద్దల దగ్గర దీన్ని విడుదల చేయాలని పట్టుబట్టారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు కనుక సంస్థ ముందు 'బుచర్స్ టేల్'ను సింగిల్‌గా వదిలింది. అది పోయింది. 'టైమ్ ఆఫ్ ది సీజన్' కూడా మొదట నత్తనడకే. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ పట్టణంలో ఒక రేడియో వ్యాఖ్యాత దాన్ని వదలకుండా వేస్తూ పోయాడని, అక్కడి నుంచే అది పాకిందని ఆర్జెంట్ చెబుతారు. రేడియోలో మాట్లాడేవాడిగా నాకు ఈ మాట ఎంతో ఇష్టం. పాట మారలేదు, వినేవాళ్లూ మారలేదు. ఒకరు దాన్ని గాలిలోకి పంపారు, అంతే.

తర్వాత జరిగింది మాత్రం బాధ కలిగిస్తుంది. అసలు బృందం లేదు కనుక అమెరికాలో నకిలీ జాంబీస్ కచేరీలు చేశారు. టెక్సాస్ నుంచి తెచ్చిన ఒక నకిలీ జట్టులోని డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్ తర్వాత జీజీ టాప్ బృందంతో సొంతంగా పేరు తెచ్చుకున్నారు. అసలు వాళ్లకు మళ్లీ కలవమని డబ్బు ఆశ చూపినా ఒప్పుకోలేదు. ఆర్జెంట్ అప్పటికే కొత్త బృందం పెట్టుకున్నారు.

మెచ్చుకోలు నిదానంగా వచ్చింది. పాల్ వెల్లర్ లాంటి తర్వాతి తరం సంగీతకారులు ఈ ఆల్బమ్‌ను పొగిడారు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీనికి 80వ స్థానం ఇచ్చింది. 2008 మార్చిలో లండన్‌లోని షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో ఆల్బమ్ మొత్తాన్ని మొదటిసారి వేదిక మీద వాయించారు, అదీ విడుదలైన నలభై ఏళ్లకు. అట్కిన్సన్ 2004లోనే కన్నుమూశారు. 2019లో బృందానికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. దీన్ని ఆలస్యంగానైనా జరిగిన న్యాయం అంటారు. నా మనసు అంత తేలిగ్గా ఒప్పుకోదు. పాతికేళ్లు నిండని ఆ కుర్రాళ్లు కలిసి చేయగలిగిన తర్వాతి ఆల్బమ్‌లు మనకు ఎప్పటికీ దొరకవు. ఏ సన్మానమూ వాటిని తెచ్చివ్వలేదు.

ఇప్పుడు ఆల్బమ్‌లోని మొదటి పాట 'కేర్ ఆఫ్ సెల్ 44' వినబోతున్నారు. జైలు నుంచి విడుదల కాబోతున్న ప్రియురాలికి రాసిన ఉత్తరం ఇది, బాణీ మాత్రం పండగలా ఉంటుంది. మధ్యలో వాయిద్యాలు తప్పుకుని గొంతులే మిగిలే చోటు ఒకటుంది. అక్కడ రేడియో శబ్దం కొంచెం పెంచండి.