మోకాళ్ల నొప్పుల బిళ్లలు పళ్ల డాక్టరుకి కూడా చూపించండి

అందరికీ నమస్కారం. కావలి, కోవూరు వైపు నుంచి కూడా పెద్దోళ్లు వచ్చారు, కాళ్లు ఎట్ట చాపుకుంటే సుఖంగా ఉంటదో అట్ట కూర్చోండి. పళ్ల డాక్టరుకి కీళ్ల జబ్బులతో ఏం పని అని మీకు అనిపించొచ్చు. పన్ను పీకించుకోడానికి వచ్చే పెద్దోళ్లలో చాలామంది కీళ్ల నొప్పులకి ఏదో ఒక బిళ్ల వేసుకుంటానే ఉంటారు, మేం అడిగితే తప్ప చెప్పరు, అందుకే నేను ఈరోజు మాట్లాడతా ఉండేది.

ముందు మోకాళ్ల అరుగుదల, గౌట్ అనే ఈ రెండు కీళ్ల జబ్బులూ ఒకటి కాదని తెలియాలి. మోకాళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్, ఏళ్ల తరబడి మెల్లిగా వస్తది, నడిస్తే నొప్పి, కూర్చుంటే తగ్గుద్ది, పొద్దున లేవగానే పట్టేసినా మామూలుగా అరగంటలోపు వదిలేస్తది. కనిగిరి, పొదిలి వైపు వాళ్లకి ఇంకో మాట, చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లకి గోధుమరంగు చారలు ఉండి, నడుమూ మెడా బిగుసుకుపోతా ఉంటే దాన్ని వయసు అరుగుదల అని వదిలెయ్యొద్దు, డాక్టరుకి ఆ నీళ్ల సంగతి కూడా చెప్పండి.

గౌట్ అట్ట కాదు. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకి 6.8 మిల్లీగ్రాములు దాటి చాన్నాళ్లు అట్టనే ఉంటే కొందరికి స్ఫటికాలుగా మారి కీళ్లలో చేరతది, రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లారేసరికి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. చాలామంది ముందు పప్పు మానేస్తారు, పాపం పప్పు అంత చెడ్డది కాదు, లివరూ మటనూ, మనూళ్లో రోజూ దొరికే రొయ్యలూ, అన్నిటికంటే బీరు, అవి తగ్గించాలి. నీళ్లు బాగా తాగాలి, పన్ను పీకించుకున్న రోజు భయంతో నీళ్లు కూడా మానేస్తే ఆ రాత్రే గౌట్ రేగొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, మందులు. మోకాళ్లకి డైక్లోఫెనాక్ వేసుకుంటా ఉన్నారు, పన్ను నొప్పికి మేం ఐబుప్రోఫెన్ రాశాం, రెండూ ఒకే జాతి, కలిపి వేసుకుంటే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ, షుగర్ ఉన్నోళ్లకి మరీ ప్రమాదం. చాలామందికి పారాసెటమాల్‌తో సరిపోద్ది. గౌట్ లేచినప్పుడు ఇచ్చే కాల్చిసిన్ వాడుతున్నోళ్లకి పంటి ఇన్ఫెక్షన్ కోసం క్లారిత్రోమైసిన్ ఇస్తే కాల్చిసిన్ ఒంట్లో పేరుకుపోయి విషమవుద్ది, కిడ్నీ బలహీనంగా ఉంటే ప్రాణం మీదికే వస్తది. పెన్సిలిన్ పడదు అని చెప్పేవాళ్లకి మేం రాసే మందుల్లో ఈ క్లారిత్రోమైసిన్ ఒకటి, కాబట్టి పడనిదే కాదు, వేసుకుంటా ఉన్నదీ చెప్పండి. ఇంకోటి, యూరిక్ యాసిడ్‌కి అల్లోప్యూరినాల్ కొత్తగా మొదలుపెట్టాక నోరంతా పూసి, జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వస్తే బి కాంప్లెక్స్ బిళ్లలతో రోజులు గడపొద్దు, అల్లోప్యూరినాల్ ఆపేసి అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

అరుగుదల దవడ కీలుకి కూడా వస్తది, నోరు తెరిస్తే చెవి ముందర కరకరమంటది, అట్టాంటివాళ్లకి మా కుర్చీలో ఎక్కువసేపు నోరు తెరిపించకూడదు, మధ్యమధ్యలో ఆపమని అడగండి, మొహమాటం వద్దు. వేళ్ల కణుపులు వంకర్లు పోయి బ్రష్ పట్టుకోలేని అమ్మలకి బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావు చేసిస్తే పట్టు దొరుకుద్ది, ఎవరూ చెయ్యరు గానీ చాలా మేలు చేసే పని. మోకాలు మార్పిడి చేయించుకున్నోళ్లకి పన్ను పని ముందు యాంటీబయాటిక్ మామూలుగా అక్కర్లేదు, అమెరికా డెంటల్ అసోసియేషన్ 2015లోనే ఈ మాట చెప్పింది, అయినా మార్చిన కీలు ఉందని మాత్రం చెప్పాలి.

చివరగా, ఎముకల బలానికని ఏడాదికోసారి సెలైన్‌లాగా ఎక్కించే ఇంజెక్షన్, ఆర్నెల్లకోసారి పొట్టకి వేసేది, వీటిని చాలామంది మందు కింద లెక్కేసుకోరు. పన్ను పీకాక దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం వీటితో ఉంది, తక్కువమందికే గానీ వస్తే చాలా కష్టం. ఆ ఇంజెక్షన్ రాసిన చీటీ పారేసుంటే, వేసిన ఆస్పత్రికి ఫోన్ చేసి దాని పేరు కనుక్కోండి, పన్ను పీకకముందే మాకు తెలియాలి.