తీగ కోసే ముందు ఫొటో: రిచ్‌మండ్ నల్లజాతి శ్మశానాలపై చర్చ

సంధానకర్త: వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఎవర్‌గ్రీన్, ఈస్ట్ ఎండ్ అని పక్కపక్కనే రెండు నల్లజాతి శ్మశానాలున్నాయి. 1891లో ఒకటి, 1897లో ఒకటి మొదలయ్యాయి. అమెరికాలో బ్యాంకు స్థాపించిన తొలి నల్లజాతి మహిళ మ్యాగీ వాకర్ సమాధి ఎవర్‌గ్రీన్‌లోనే ఉంది. అంతటివాళ్ళున్న చోటు అడవిలా ఎలా మారిందండీ?

చరిత్ర పరిశోధకురాలు: నిర్వహణకంటూ శాశ్వత నిధి లేదు. వారసులు ఊళ్ళు వదిలి వెళ్ళారు. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది పక్షం, అంటే కాన్ఫెడరేట్ సైనికుల సమాధులకు మాత్రం రాష్ట్ర ఖజానా నుంచి డబ్బు వెళ్తూనే ఉండేది. 2017 చట్టంతో గానీ వీటికి పైసా రాలేదు. అదీ సమాధికి 5 డాలర్ల లెక్క! అందుకే పనంతా వాలంటీర్ల మీదే పడింది.

సంధానకర్త: సర్, శనివారం కత్తెర పట్టుకుని వచ్చిన వాలంటీరు మొదట ఏం చెయ్యాలి?

సమాధుల పరిరక్షకుడు: కత్తెర పక్కన పెట్టాలి. ముందు ఫొటో, జీపీఎస్ గుర్తు, ఆ తర్వాతే కోత. ఎందుకంటే చాలా సమాధులకు రాయి ఉండదు. నేల కాస్త కుంగి ఉంటుంది, లేదా ఒక యక్కా మొక్క, వింకా తీగ ఉంటాయి. వింకా మన బిళ్ళగన్నేరుకు చుట్టమే. గుర్తు కోసం వాటిని కావాలనే నాటేవారు. కలుపు అనుకుని పీకేస్తే సమాధి ఆనవాలే పోతుంది. గవ్వలు, గాజు సీసాలు కనిపించినా చెత్త అనుకోకూడదు, అవి సమాధి మీద పెట్టినవి.

సంధానకర్త: మరి రాతిని చుట్టేసిన ఐవీ తీగ సంగతి?

పరిరక్షకుడు: లాగొద్దు. లాగితే దాని వేళ్ళతో పాటు రాతి పొర లేచొస్తుంది. తీగను మొదలు దగ్గర కోసి వదిలేయండి. కొన్ని వారాల్లో ఎండాక తేలిగ్గా వస్తుంది. చెట్ల మొదళ్ళూ అంతే, నేలమట్టానికి కోస్తాం, వేరు పెకలించం. కింద ఏముందో తెలియదు కదా.

సంధానకర్త: రాయి కడగడం?

పరిరక్షకుడు: ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. బ్లీచ్ పోస్తే ఆ రోజు తెల్లగా మెరుస్తుంది. లోపల మిగిలిన ఉప్పు స్ఫటికాలుగా గట్టిపడి, తర్వాత పాలరాయి పైపొరను రాలుస్తుంది. ఇనుప తీగల బ్రష్షు, నీటిని ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్ కూడా వద్దు. ముందు వేలితో మెల్లగా రుద్ది చూడండి. పంచదారలా పలుకులు రాలినా, తడితే బోలుగా మోగినా ఆ రాయిని ముట్టుకోకండి. గట్టిగా ఉంటే నీళ్ళతో బాగా తడిపి, డీ-టూ అనే, రాళ్ళ మీది నాచు, బూజు పోగొట్టే ద్రావణం చల్లి, పది నిమిషాలాగి, మెత్తటి బ్రష్షుతో కింది నుంచి పైకి రుద్ది కడిగేయాలి. పై నుంచి మొదలుపెడితే మురికి చారలు పడతాయి. నీళ్ళు గడ్డకట్టే చలిలో అసలు వద్దు.

సంధానకర్త: అక్షరాలు అరిగిపోతే?

పరిరక్షకుడు: షేవింగ్ క్రీమ్ పూసేవాళ్ళున్నారు, అందులోని ఆమ్లం రాతిని తింటుంది. అద్దంతో ఎండను పక్క నుంచి ఏటవాలుగా పడేలా చేస్తే చాలు, అక్షరాల నీడ లేస్తుంది.

సంధానకర్త: మేడమ్, పేరు దొరికాక మీ పని మొదలవుతుందన్నమాట.

పరిశోధకురాలు: సగం పేరు దొరికినా చాలు. వర్జీనియాలో 1912 నుంచి మరణ ధ్రువపత్రాలున్నాయి. ఖననం ఎక్కడ చేశారో కూడా వాటిలో ఉంటుంది. అసలు చిక్కు 1897 నుంచి 1911 దాకా. అప్పుడు రాష్ట్రవ్యాప్తంగా మరణాల నమోదు లేదు. ఆ ఖాళీలో పనికొచ్చేది రిచ్‌మండ్ ప్లానెట్ అనే నల్లజాతి పత్రిక. దాని సంపాదకుడు జాన్ మిచెల్ సమాధీ ఎవర్‌గ్రీన్‌లోనే ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే 1870 జనగణన. బానిసలుగా ఉన్నవారిలో అత్యధికులు పేరుతో కనిపించే మొదటి జనగణన అదే. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు.

సంధానకర్త: పడిపోయిన రాయి కనిపిస్తే నిలబెట్టొచ్చా?

పరిరక్షకుడు: ఒంటరిగా వద్దు. ఘనపుటడుగు పాలరాయి 75 కిలోల పైమాటే, కాలు మీద పడితే అంతే. సిమెంటుతో అతికించడమూ వద్దు. అది రాతికంటే గట్టిది, నీటిని లోపలే బంధిస్తుంది, పగిలేది రాయే. సున్నపు గచ్చు తెలిసినవాళ్ళు వచ్చేదాకా ఫొటో తీసి, గుర్తు పెట్టి, ఉన్నచోటే ఉంచండి.