బ్రహ్మ చేసే పని ఏంటి? కొత్తవాడ మగ్గం చూస్తే తెలుస్తుంది

నమస్తే. ఇప్పుడు నేను హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందున్నాను. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. మూడు గర్భగుళ్లు అనగానే త్రిమూర్తులవి అనుకుంటారు. కాదు, శివుడు, విష్ణువు, సూర్యుడు. బ్రహ్మ లేడు. ఆ మాట చెప్పగానే ఎవరో ఒకరు, "శాపం కదన్నా, పూజ లేని దేవుడు" అంటారు. వింటే మనసు చివుక్కుమంటుంది. శాపం కథలు పురాణాల్లో ఉన్నాయి, కాదనను. కానీ అక్కడే ఆగిపోతే ఆయన చేసే పనేంటో తెలియకుండా పోతుంది.

మన వరంగల్ కొత్తవాడలో దర్రీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు, నేసే మగ్గం చూసే ఉంటారు. నేతన్న నూలును పుట్టించడు. ఉన్న నూలునే పడుగు (నిలువు దారాలు) పోసి, పేక (అడ్డ దారాలు) కలిపి, రంగు పక్కన రంగు పేరుస్తాడు. కుప్పగా పడి ఉన్న దారానికి రూపం వస్తుంది. బ్రహ్మ సృష్టీ అంతే. ఏమీ లేనిచోట నుంచి లోకాన్ని తీయలేదు. ప్రళయంలో కలిసిపోయినదాన్ని విడదీసి, పేరూ రూపూ ఇస్తాడు.

భాగవతంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఉంది. కమలంలో కూర్చున్న బ్రహ్మకు పని ఎలా మొదలుపెట్టాలో తోచదు. నీళ్లలోంచి రెండక్షరాలు వినిపిస్తాయి: త, ప. తపస్సు చేశాకే ఆయనకు దారి దొరుకుతుంది. మొదటిసారి మగ్గం ముందు కూర్చున్న పిల్లాడు కూడా ఇలాగే తికమకపడతాడు.

బ్రహ్మకు ఒక పగలంటే 432 కోట్ల ఏళ్లు. రాత్రయితే నేసిందంతా మళ్లీ దారమే. ఇక "బ్రహ్మ నా రాత ఇలా రాశాడు" అని తిట్టుకుంటాం చూడండి, అది అన్యాయం. మన కర్మే మనం తెచ్చిచ్చిన నూలు. ఆ రంగులతోనే ఆయన నేయాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను. నాలుగు ముఖాలు నాలుగు వేదాలు. జపమాల కాలం. కమండలంలో సృష్టికి మొదలైన నీళ్లు. హంస, పాలనూ నీళ్లనూ వేరుచేసే వివేకం. విగ్రహాల్లో ఆయన చేతికి సాధారణంగా ఆయుధం ఉండదు, గమనించండి.

ఒక్కటి మాత్రం వదలలేను. బ్రహ్మ, బ్రహ్మం ఒకటి కాదు. బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి అనే విదుషి నేత మాటల్లోనే యాజ్ఞవల్క్య మహర్షిని అడుగుతుంది: ఇదంతా దేనిలో పడుగూపేకలా అల్లుకుని ఉంది? లోకం తర్వాత లోకం దాటుకుంటూ బ్రహ్మలోకాల దాకా వస్తుంది. అవి దేనిలో అనగానే, ఇంకా అడిగితే తల రాలిపోతుందంటాడు ఆయన. గార్గి ఊరుకుంటుంది, కానీ కాసేపటికి మళ్లీ లేచి అడుగుతుంది. అప్పుడు ఆయన చెప్పిన జవాబు అక్షరం, అంటే నాశనం లేనిది. బ్రహ్మం అంటే అది. మగ్గం ముందు కూర్చున్న నాలుగు ముఖాల బ్రహ్మ కాదు.