సీలు వేసిన పెట్టె: ప్రసన్న వితానగే సినిమాలపై నా రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఒక ఓటీటీ వాళ్లు నాకు మూడు నెలల సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చారు. శ్రీలంక డైరెక్టర్ ప్రసన్న వితానగే సినిమాల గురించి మాట్లాడమన్నారు. అవార్డుల లిస్టు జోలికి మాత్రం పోను.

నన్ను పట్టేసింది 1997 నాటి ‘పుర హంద కళువర’. పున్నమి చీకటి అని అర్థం. వానల్లేక ఎండిపోయిన ఊరు. వన్నిహామి అని చూపు లేని ముసలాయన. శ్రీలంక అంతర్యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరిన కొడుకు, జెండా కప్పిన పెట్టెలో ఇంటికొచ్చాడు. పెట్టెకు సీలు. తెరవకూడదన్నారు. ఊరంతా ఏడుస్తుంటే ఈయన మాత్రం నా కొడుకు చనిపోలేదంటాడు. కాగితం మీద వేలిముద్ర వేస్తే పరిహారం వస్తుంది, ఇంట్లో చూస్తే డబ్బుకి కటకట. అయినా వెయ్యడు. చివరికి సమాధి తవ్వడానికి బయల్దేరతాడు. పెట్టెలో ఏముందో నేను చెప్పను, మీరే చూడాలి. మా మేనత్త కొడుకు మిలిటరీలో ఉండేవాడు. ఉత్తరం ఆలస్యమైతే ఆవిడ పోస్ట్‌మన్ వచ్చే వేళకి అరుగు మీదే కూర్చునేది, అన్నం కూడా తినేది కాదు. వన్నిహామిగా చేసిన జో అబేవిక్రమ ముఖంలో నాకు ఆవిడే కనిపించింది. ఈ సినిమా విడుదలని 2000లో ప్రభుత్వం ఆపేసింది. వితానగే సుప్రీంకోర్టుకి వెళ్లి 2001లో గెలిచారు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. 2012 సినిమా ‘ఒబ నతువ ఒబ ఎక్క’లో హీరో తాకట్టు కొట్టు నడిపే సింహళీయుడు, ఒకప్పటి సైనికుడు. హీరోయిన్ తమిళమ్మాయి. తను సైన్యంలో పనిచేశానన్న సంగతి ఆయన దాచిపెట్టి పెళ్లి చేసుకుంటాడు. ఇద్దరి మధ్య ఉన్న గోడే భాష. నేను చూసిన సబ్‌టైటిల్స్‌లో మాత్రం సింహళానికీ తమిళానికీ తేడానే చూపలేదు! కనీసం రంగు మార్చొచ్చు కదండీ. ఆ అమ్మాయిగా చేసింది ‘నా బంగారు తల్లి’లో చేసిన అంజలి పాటిలే. ఎడిటింగ్ మన తెలుగాయన శ్రీకర్ ప్రసాద్‌ది.

2003 నాటి ‘ఇర మడియమ’లో మూడు కథలున్నాయి. 1990లో శ్రీలంక ఉత్తరాది ముస్లింలని తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ వెళ్లగొట్టినప్పుడు, కుక్కని వదల్లేని పిల్లాడి కథ ఒక్కటే నాకు మిగిలింది. ఆ కథే రెండు గంటలు చూపించినా కదలకుండా చూసేవాణ్ణి.

‘పుర హంద కళువర’తో మొదలుపెట్టండి. ఫోన్ పక్కన పెట్టేసి రాత్రిపూట చూడండి. ఆయనదే ఇంకో సినిమా ‘పారడైజ్’ ఆ తర్వాత చూడొచ్చు.